పిడికిలికి గులాబీ దండ

లోకేష్ మాట నమ్మి ఎవరైనా బాగుపడ్డారంటే వాళ్ళ అడ్రసు నాకివ్వండి, వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టి వస్తాను. అమెరికాలో మేముండే ఎడిసన్ ఊళ్ళో సగం మందికి వాడు తెలుసు. వారమంతా ఏదో కంపెనీలో కంప్యూటర్ పని, శనివారం వస్తే టూర్ల వ్యాపారం. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చి, నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చునే పెద్దవాళ్ళను వ్యాన్‌లో ఎక్కించి పొద్దున తీసుకెళతాడు, సాయంత్రం దింపుతాడు. మైకు పట్టుకుని మాట్లాడేది వాడు. వ్యాన్ నడిపేది, వీల్‌చైర్లు మడిచేది, బాత్రూములు ఎక్కడున్నాయో వెతికేది నేను.

నా పేరు సూరిబాబు. మాది కడియం. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టడానికి వెళ్ళాను. ఇక్కడున్న మా అక్క నన్ను రప్పించడానికి ఎప్పుడో వేసిన కాగితాలు కదిలేసరికి నాకు నలభై దాటాయి. ఇక్కడికొచ్చి గ్యాస్ స్టేషన్‌లో నిలబడ్డాను, మన కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో బియ్యం బస్తాలు మోశాను, హోటల్లో గిన్నెలు తోమాను. ఎక్కడా నేనొక మనిషినని ఎవరికీ అనిపించలేదు. అనిపించింది ఒక్క రాద్కమ్మకే.

రాద్కమ్మది బల్గేరియా దేశం. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. ఎడిసన్ నుంచి గంట దూరంలో ఆమెకు గులాబీ తోట ఉంది. వ్యాన్ పంక్చరై ఆమె గేటు ముందు ఆగిపోయిన రోజున లోపలికి చూసి, అంటు కట్టిన చోట తాడు బిగిసిపోయి ఒక మొక్క చచ్చిపోతుంటే చూడలేక విప్పాను. ఆమె వచ్చి నా చేతుల వంక చూసింది. ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం, నాది అంతకన్నా తక్కువ. అందుకే మా ఇద్దరికీ మాటలు బాగా కలిశాయి. గేటు పక్కన దక్షిణం వాలులో ఖాళీగా ఉన్న నేల చెక్క నాకిచ్చి, "నువ్వు వేసుకో, పంటలో నాకు వాటా ఇవ్వు" అంది. కాగితం లేదు, నోటి మాటే. వరసలు తీసి, దండలకు పనికొచ్చే వాసన గులాబీ వేశాను. మూడో వేసవికి తోట నిండుగా పూసింది. ఎడిసన్ గుడిలో కల్యాణానికి దండలు నా తోటవే అని మాటయింది. నేను చెప్పే ఈ శనివారం సాయంత్రం పువ్వు కోయాలి, ఆదివారం గుడికి చేర్చాలి.

ఆ శనివారమే ఇంకొకటి కూడా ఉంది. రాద్కమ్మ లాయరు చేత నా చెక్కకు పదేళ్ళ లీజు రాయించింది. ఆ రోజు లోకేష్ టూరు కూడా ఆమె తోటకే. "సాయంత్రం టూరు వాళ్ళను వ్యాన్ ఎక్కించి ఇంట్లోకి రా, సంతకాలు చేద్దాం" అంది. ఈ దేశం వచ్చాక నా పేరు మీద ఏదైనా కాగితం పుడుతున్నదంటే అది అదొక్కటే.

ఇక అక్కడున్న ఒక కట్టడం సంగతి చెప్పాలి. తోట వెనక మిట్ట మీద ఒక పాడుబడిన స్థూపం ఉంది. సిమెంటు నక్షత్రం, దాని ముందు ముగ్గురు కంచు కార్మికులు, నడిమి వాడి చెయ్యి పిడికిలి బిగించి ముందుకు చాపి ఉంటుంది. వాళ్ళ దేశంలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న రోజుల్లో ఊరి కొండ మీద కట్టారట. ప్రభుత్వం పడిపోయాక దాన్ని పీకేస్తుంటే, అప్పటికే ఇక్కడ ట్రక్కుల మీద బాగా గడించిన రాద్కమ్మ మొగుడు ముక్కలు ముక్కలుగా కొని ఓడ మీద తెప్పించి నిలబెట్టాడు. మ్యూజియం కడతానన్నాడు, కట్టకుండానే పోయాడు. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవాడు లేడు. నక్షత్రం కొసలు రాలిపోయాయి, మెట్ల మధ్య గడ్డి మొలిచింది. చుట్టూ కంచె వేయించి రాద్కమ్మ అటు పోవడమే మానేసింది. నాకు చెక్క ఇచ్చిన రోజునే, "అటు వైపు ఒక్క పువ్వు కూడా వేయకు" అంది. పెచ్చులూడి మొక్కల మీద పడతాయని కాబోలు అనుకున్నాను.

ఈ సంగతంతా నోరు జారి లోకేష్‌తో అన్నాను. వాడు ఎగిరి గంతేశాడు. "అన్నా, గులాబీ తోట ప్లస్ కమ్యూనిస్టు స్థూపం! మన పెద్దోళ్ళకు ఇంతకన్నా ఏం గావాలె?" అని నా వెంట పడ్డాడు. నేనే వెళ్ళి రాద్కమ్మను అడిగాను. ఆమె మిట్ట వంక ఒకసారి చూసి, "నీ మాట మీద ఒప్పుకుంటున్నా. కంచె బయటి నుంచి చూసి వెళ్ళాలి. లోపల కాలు పెట్టకూడదు" అంది. అదే మాట లోకేష్‌కు తెలుగులో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను, రెండూ కలిపి చెప్పాను.

పొద్దున వ్యాన్ నిండింది. ముందు సీటులో సత్యం గారు. ఖమ్మం వైపు టీచర్ల యూనియన్ నడిపిన మనిషి, మా పక్క ఊరు పిస్కాటవేలో కూతురి దగ్గరికి వచ్చాడు. జూన్ ఎండలో మెడకు ఎర్ర కండువా. వెనక సీటులో ఆయన భార్య దమయంతి గారు.

"ఏమయ్యా సూరిబాబూ, అమెరికాలో మన స్థూపమా! నిజమేనా?"

"ఉందండి. దూరం నుంచి చూడాలండి."

"ఈయన ఇక్కడికి వచ్చినకాడి నుంచి మొహం మాడ్చుకునే ఉన్నాడు బాబూ," అంది దమయంతి గారు. "నయాగరా చూపిస్తే 'నీళ్ళే కదా' అన్నాడు. న్యూయార్క్‌లో పెద్ద పెద్ద బిల్డింగులు చూపిస్తే 'కూలోళ్ళు కట్టినయే కదా' అన్నాడు. ఇయ్యాల పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు."

"నువ్వు నోరు మూసుకో," అన్నాడాయన. కానీ నవ్వుతున్నాడు.

తోట చేరి అందరూ దిగాక లోకేష్ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, చిన్న మిస్టేక్ అయింది. లంచ్ ట్రేలు పికప్ చేయలే."

"ఎవరు చేయాలి?"

"నువ్వు చేసినవనుకున్న."

"నాకు చెప్పావా?"

"చెప్పిననుకున్న."

పిజ్జా తెప్పించమన్నాను. టూరుకు వచ్చి అక్కడే నిలబడి వింటున్న నాగమల్లేశ్వరి గారు ఒప్పుకోలేదు. "శనివారం బాబూ, నేను ఉల్లిపాయ కూడా ముట్టను. పులిహోర అన్నాడని వచ్చాను" అంది. ఆమెను చూసి ఇంకో నలుగురికి శనివారం గుర్తొచ్చింది. ఇక తప్పలేదు. పోయేముందు లోకేష్ రెండు చేతులూ పట్టుకుని చెప్పాను.

"కంచె దాటించకు. సాయంత్రం నా సంతకం ఉంది. నీకు పుణ్యముంటుంది."

"అరే, టెన్షన్ పడకే అన్నా. నేనున్న కదా."

వాడు ఉన్నాడు కాబట్టే కదా నా టెన్షన్. ఓక్ ట్రీ రోడ్డు దాకా పోయి, పార్కింగ్ దొరక్క నాలుగు తిరుగుళ్ళు తిరిగి, ట్రేలు వేసుకుని వెనక్కొచ్చాను. గేటు దగ్గర వ్యాన్ ఆపగానే నా వరసల వైపు చూశాను. రైతు ఎవడైనా ముందు అటే చూస్తాడు.

పువ్వు లేదు. మొగ్గ కూడా లేదు. వరస మొదటి నుంచి చివరి దాకా పచ్చటి ఆకు, తుంచిన కాడలు. మిడతల దండు వచ్చినా ఇంత శుభ్రంగా కోయదు. చెట్టు కింద దమయంతి గారు మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. చుట్టూ రేకులు, ఒక దారపు ఉండ.

"ఏందమ్మా ఇది?"

"ఇవి మీ తోటవేనట కదా బాబూ! లోకేష్ చెప్పాడు, 'ఆ పక్కది మన సూరిబాబన్నది, ఏం కాదు, కోసుకోండి' అని. ఆ పెద్దమ్మ పువ్వులు ఒక్కటి ముట్టలేదు, పరాయి సొత్తు కదా! మల్లేశ్వరి గారి బ్యాగులో దారం ఎప్పుడూ ఉంటుందట. అందరం కూర్చుని ఎంత చక్కగా కట్టామో!"

"ఎందుకు కట్టారు?"

"స్థూపం దగ్గరికి ఒట్టి చేతుల్తో ఎట్ల పోతారు? ఈయన ఒప్పుకుంటాడా?"

ట్రేలు అక్కడే పెట్టి మిట్ట మీదికి పరుగెత్తాను. కంచె గేటు తాడు విప్పేసి ఉంది. లోపల మన జనమంతా చెప్పులు బయట విడిచి మెట్ల మీద నిలబడ్డారు. నాగమల్లేశ్వరి గారు స్థూపం చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. సత్యం గారు కండువా సరిచేసుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. లోకేష్ దిమ్మ ఎక్కి కంచు మనిషి మోకాలి మీద కాలేసి, ఆ చాచిన పిడికిలికి దండ తగిలిస్తున్నాడు. ఆదివారం దేవుడి మెడలో పడాల్సిన దండ అది. నిలువెత్తు ఉంది.

"దిగరా!" అని అరిచాను.

"ఒక్క ఫోటో అన్నా!"

వెనకాల చిన్న బండి చప్పుడయింది. తోటలో తిరిగే బ్యాటరీ బండి మీద రాద్కమ్మ వచ్చి కంచె బయట ఆగింది. దిగలేదు. దండ వంకే చూస్తోంది. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఈ పువ్వులు ఎవరివి?" అంది.

"నావి."

"నా నేలలో పూసినవి."

"అవునండి."

ఆమె కంచు మనుషుల వైపు వేలు చూపించింది. "నా చిన్నప్పుడు మా నాన్నను ఆ బొమ్మ ముందు నిలబెట్టి ప్రభుత్వం వాళ్ళు పొలం రాయించుకున్నారు. ఊరందరి పొలమూ రాయించుకున్నారు. ప్రతి మే నెలా బడి పిల్లల చేత మా గులాబీలే కోయించి దానికి వేయించేవారు. మా పొలం పువ్వు, నా చేతుల్లో ముళ్ళు. నా మొగుడు దాన్ని ఇక్కడికి తెచ్చినప్పుడు ఒక్కటే అడిగాను. దీనికి పువ్వు పెట్టకు అని. ఆయన చచ్చేదాకా పెట్టలేదు."

ఏదో ఒకటి చెప్పి ఆ మనిషిని వెనక్కి లాగాలి. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాను. మా వాళ్ళకు దండ వేయడం పెద్ద విషయం కాదని చెప్పాను. లారీకి వేస్తాం, కొత్త ఫ్రిజ్‌కి వేస్తాం, కొట్లో తక్కెడకు వేస్తాం, గెలిచినవాడికి వేస్తాం, వాడే ఓడిపోతే గెలిచిన రెండోవాడికి వేస్తాం అన్నాను. ఆమె వింటోంది. అప్పుడు నాకొక మాట తట్టింది.

"చచ్చిపోయిన వాళ్ళకు కూడా వేస్తామండి. మా నాన్న ఫోటోకు వేశాం. మా ఇళ్ళలో ఫోటోకు దండ ఉందంటే ఆ మనిషి లేడని అర్థం."

ఆమె నా వైపు తిరిగింది. "లేడనా?"

"లేడని. అయిపోయిందని. దీని పని కూడా అయిపోయింది కదండి. అందుకే దండ."

"అంటే ఇది చావు దండా?"

"అవునండి."

ఆమె మొహంలో బిగువు సడలడం నేను కళ్ళారా చూశాను. ఇంకొక్క నిమిషం అలా వదిలేసి ఉంటే ఏదో అనేది. కొద్దిగా నవ్వేది కూడానేమో. అంతలో సత్యం గారు చెప్పులు లేకుండానే గబగబా మెట్లు దిగి వచ్చాడు. పెద్దమనిషి, ఇంటి యజమానురాలికి కృతజ్ఞత చెప్పకుండా ఎట్లా ఉంటాడు! మా మాటల్లో చివరిది ఆయన చెవిన పడింది.

"నో నో మేడమ్! నాట్ డెడ్!" అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. "అవర్ పీపుల్, వర్కర్స్, నెవర్ డై! ఇమ్మోర్టల్! దే విల్ కమ్ అగైన్! థాంక్యూ ఫర్ ప్రొటెక్టింగ్!"

"సత్యం గారూ, మీకు దణ్ణం పెడతాను, ఊరుకోండి," అన్నాను.

"ఏం, తప్పేం చెప్పాను? అమరులు కారా?"

పైనుంచి లోకేష్ గొంతు వినిపించింది. "అందరూ ఇటు చూడాలె! గ్రూప్ ఫోటో! పిడికిలి ఎత్తాలె, గట్టిగా!"

పాపం, ఫోటో అంటే ఎవరు కాదంటారు? జీవితంలో ఏ జెండా మోయని వాళ్ళు కూడా, ప్రదక్షిణం ఆపేసి నాగమల్లేశ్వరి గారు కూడా, పిడికిళ్ళు ఎత్తారు. సత్యం గారు అందరికన్నా ఎత్తుగా ఎత్తాడు. రాద్కమ్మ బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.

నేను వెనకే ఇంటికి వెళ్ళాను. వంటింటి బల్ల మీద గులాబీ జామ్ సీసా కింద లీజు కాగితాలు రెపరెపలాడుతున్నాయి. పక్కన రెండు పెన్నులు. ఆమె సీసా తీసి కాగితాలు నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసింది.

"వాళ్ళను నేను పంపలేదండి. పువ్వులు నేను కోయలేదండి."

"తెలుసు. నువ్వు మంచివాడివే," అంది. "కానీ నిన్ను చూసినప్పుడల్లా నాకు ఆ దండే కనిపిస్తుంది. ఆకు రాలాక మొక్కలు తవ్వి తీసుకుపో."

ఎక్కడికి తీసుకుపోను? నేనుండే అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుర్చీ వేస్తే కాళ్ళు గదిలో ఉంటాయి. గుమ్మం దాటుతుంటే ఆమే వెనక నుంచి, "ముసలివాళ్ళు ఆకలి మీద ఉంటారు, ముందు వాళ్ళకు అన్నం పెట్టు," అంది.

పెట్టాను. పులిహోరలో ఇంగువ తక్కువైందన్నారు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ అంతా పెళ్ళి వారిల్లులా ఉంది. లోకేష్ ఫోన్‌లో ఫోటోలు పంచుతూ, "అన్నా, సూపర్ హిట్! నెక్స్ట్ మంత్ మళ్ళా పెడదాం. ఆ పెద్దమ్మతో నువ్వే మాట్లాడు" అన్నాడు. నేను రోడ్డు వంకే చూస్తూ బండి నడిపాను. "ఏందే, అలిగినవా? రెండు పువ్వులకేనా?" అన్నాడు. ఆ మాటకు వ్యాన్‌ను హైవే పక్కన ఆపి వాణ్ణి దింపేద్దామనుకున్నాను. వెనక పెద్దవాళ్ళకు బాత్రూము అవసరం పడుతుందని ఊరుకున్నాను.

దమయంతి గారు సీటు మీదుగా చెయ్యి చాపి ఒక చిన్న కవరు ఇచ్చింది. "గుప్పెడు మిగిలాయి బాబూ. నీ తోటవే కదా, ఇంట్లో దేవుడికి పెట్టుకో." తర్వాత గొంతు తగ్గించి, "ఈయన ఇంత సంతోషంగా ఉండడం చూసి ఎన్నాళ్ళయిందో. నీ చలవే," అంది.

కవరు తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను.

సత్యం గారు సీటులో వెనక్కి తిరిగి, మోకాళ్ళ నొప్పుల వాళ్ళకు, శనివారం వాళ్ళకు నినాదం నేర్పిస్తున్నాడు. "నేను 'భూమి ఎవరిది' అంటాను. మీరంతా 'దున్నేవాడిది' అనాలి. సూరిబాబూ, నువ్వు కూడా అనాలయ్యా, డ్రైవర్ కూడా కార్మికుడే."

"భూమి ఎవరిది?"

"దున్నేవాడిది!"

నేను అద్దంలో వెనక్కి చూశాను. మిట్ట మీద నక్షత్రం ఎప్పుడో కనుమరుగైంది. నా కళ్ళ ముందు మాత్రం గేటు పక్కన దక్షిణం వాలులో, రాయి రాయి ఏరి, వరస వరస తవ్వి, మంచు కాలంలో గడ్డి కప్పి నేను పెంచిన నేల. అడుగులతో కొలిచి మా కడియం లెక్కలోకి మార్చుకుని ఎన్నోసార్లు మనసులో చెప్పుకున్న నేల. పన్నెండు సెంట్లు.