మునగ కింది స్వామి

"గట్టు కడతారా? మంచిదే. నీళ్లు నిలుస్తాయి," అన్నాడు ఇపుయ్, చెట్టు మొదట్లో కుండ వంచుతూ.

"గట్టు కట్టడం కాదు మావా, చెట్టు కొట్టడం," అని నెబ్రె అతని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఇవాళ స్వామినే అడుగుతారట."

కుండ ఖాళీ అయినా ఇపుయ్ చెయ్యి వంగే ఉంది.

మెన్నెఫెర్ పట్టణంలో ప్తా దేవుడి పెద్ద గుడి. దాని గోడ వెనక ఈ మునగచెట్టు. చెట్టు కింద మోకాలెత్తు గూట్లో మునగ కింది స్వామి. వేరే పేరంటూ లేదు, చిరునామాయే పేరు. ఏటా వరదకు వీధులు మునిగేవి గాని మునగ మునిగేది కాదు. కాలవ నుంచి కావిడి మోసి మోసి ఇపుయ్ మూపున కాయ కాసింది. చెట్టు కాసిన కాయలన్నీ గుడి నూనెగానుగకు, ఈ ఒక్క కాయ అతనికి. పెళ్లాం పోయిన రోజు కూడా చెట్టుకు నీళ్లు పోశాకే ఏడ్చాడు.

గుడి అధికారి మేరిప్తాకు ఆ చోట ధాన్యపు కొట్టు కావాలి. స్వామిని తీసుకెళ్లి పెద్ద దేవుడిలో కలిపేస్తారట.

అడగడమంటే, నలుగురు స్వామి పల్లకీ ఎత్తుకుంటారు. ముందుకు కదిలితే ఔను, వెనక్కి వస్తే కాదు.

"మోసేది మనమే కదా మావా. ప్రశ్న వినగానే వెనక్కి లాగేద్దాం," అన్నాడు నెబ్రె. "స్వామి మన మాట కాదంటాడా?"

ఇపుయ్‌కి ప్రాణం లేచొచ్చింది. నలుగురూ చూసే వేళకు చెట్టు కళకళలాడాలని ఇంకో రెండు కావిళ్లు పోశాడు.

ఎండెక్కాక జనం చేరారు. పల్లకీ ముందు కొమ్ము కింద ఇపుయ్ భుజం. మేరిప్తా గొంతు సవరించుకుని అడిగాడు. "స్వామీ, ఈ చెట్టు విడిచి ప్తా ఇంటికి వస్తావా?"

మిగతా ముగ్గురూ వెనక్కి లాగారు. ఇపుయ్ కూడా కాలు వెనక్కి వేశాడు, తాను తడిపిన బురదలోనే. చెప్పు దిగబడింది, కాలు అందులోంచి ఊడి వెనక్కి జారింది. మనిషి ముందుకు బోర్లా పడ్డాడు, అతని మీద కొమ్ము, దాని వెంట స్వామి, బారెడు ముందుకు.

"ఔనన్నాడు," అన్నాడు మేరిప్తా. జనం చేతులెత్తి మొక్కారు.

కొమ్ము ఎత్తేసరికి ఇపుయ్ రొమ్ము అణిగిపోయి ఉంది. "స్వామి కాదయ్యా. నేను. నేను జారాను," అన్నాడు ఊపిరి కూడదీసుకుని.

అది ఎవరికీ వినబడలేదు. నెబ్రె అందరికీ విడమరిచి చెప్పాడు: ఇది బురద చేసిన పని, వెనక్కి లాగాలని మేం ముందే అనుకున్నాం, లాగాం కూడా.

మేరిప్తా నింపాదిగా విన్నాడు. "ముగ్గురు వెనక్కి లాగినా ముందుకే వచ్చాడు. చూశారా స్వామి తొందర? ఇన్నాళ్లూ ఈ ముసలాడు ఆయన కాళ్లు పట్టుకున్నాడు. ఇవాళ ఆయనే వీడి కాలు పట్టి లాగాడు."

జనం ఫక్కున నవ్వారు.

గొడ్డళ్లు వచ్చాయి. మొదటి కొమ్మ పడ్డప్పుడు ఇపుయ్ కళ్లు తెరిచే ఉన్నాయి. చివరి కొమ్మ పడేసరికీ తెరిచే ఉన్నాయి, చూడటం మాత్రం ఎప్పుడో మానేశాయి. ఆ నలుగురిలో మిగిలిన ముగ్గురు అతన్ని ఎత్తుకుపోయారు.

అతని రెల్లుచెప్పు ఒకటి బురదలో, వెనక్కి వేసిన చోటే ఉండిపోయింది.