రిలీవర్ రాని డ్యూటీ

మా ఆయన వెంకటరావు నిమ్‌పురా రైల్వే యార్డులో సిగ్నల్ కేబిన్ మనిషి. రిలీవర్ వచ్చి తన చోట నిలబడితేగానీ కేబిన్ దిగడు, జ్వరమొచ్చినా దిగడు. ఇంటికొచ్చేసరికి ఆ నీతి ఎక్కడ పారేసుకున్నాడో మరి. కొత్తగా కొన్న టీవీ యాంటెన్నాకు అడ్డమని, క్వార్టర్ వెనకున్న గుగ్గిలం చెట్టును వేళ్లతో సహా కొట్టించి, ఆ చెక్కతో మంచం చేయించాడు. వద్దన్నాను. గోడకు చెప్పుకున్నట్టయింది.

ఆ మంచం మీద మధ్యాహ్నాలు మా అత్త దాలమ్మ నా కూతురు పైడికి కథలు చెప్పేది. ఊ కొట్టేవాళ్లున్నంతసేపూ కథ ఆపకూడదని ఆమె పట్టుదల. ఒకరోజు పైడి కథ మధ్యలోనే నిద్రపోయింది. అయినా ఊ వస్తూనే ఉంది. గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న నేను తలెత్తి చూశాను. పిల్ల పెదవులు కదలడం లేదు. ఊ కొడుతున్నది మంచం. అత్త ముఖం పాలిపోయింది గానీ, కథ ఆపలేదు.

కథలో అడవితల్లి చెట్టు కొట్టినవాణ్ని నిలదీస్తోంది. "నా సెట్టు సోట ఎవరు నిలబడతారు?"

డ్యూటీ దిగి పక్క గదిలో పడుకున్న మా ఆయన విసుక్కున్నాడు. "మా పైడి నిలబడతాదిలే రిలీవరుగా. ఇంక కథాపి పడుకో అమ్మా."

"ఊ," అంది మంచం. అత్త నోట కథ అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం పైడి లేచి నేరుగా పెరట్లోకి పోయి, చెట్టు పెకలించిన గుంటలో నిలబడింది. ఎత్తబోతే రాలేదు. పాదాలు మట్టిలోకి దిగిపోయాయి. అన్నం కలిపి తెస్తే ముద్ద ముట్టలేదు, కాళ్ల మీద నీళ్లు పొయ్యమంది. వేసవి సాయంత్రాల కాల్‌బైశాఖి గాలివానకు వీధిలో రేకులు లేచిపోతుంటే పిల్ల కళ్లు మూసుకుని మెల్లగా ఊగింది. మా ఆయన గడ్డపారతో తవ్వబోతే పిల్ల కెవ్వుమంది. ఆయన గడ్డపార వదిలేశాడు. అయినా టైమవగానే సైకిలెక్కాడు. కేబిన్లో ఇంకొకడు దిగడానికి ఎదురుచూస్తున్నాడట.

కథ సగంలో ఆగిందని, ముగిస్తేగానీ పిల్ల రాదని అత్త చెప్పింది. అయితే ముగించమన్నాను. ముగింపులో చెట్టు కొట్టినవాడే నిలబడతాడని, కన్నకొడుకుని తన నోటితో ఎలా అప్పగిస్తానని ఏడ్చింది. ఆమెకు కొడుకు. నాకు కూతురు. వెళ్లి మంచం పట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

"బిడ్డ ఏటీ ఎరగదు తల్లీ," అన్నాను. "కొట్టినోడే నిలబడతాడు."

మంచం ఊ కొట్టింది. పెరట్లోంచి పైడి ఆకలేస్తోందని నన్ను పిలిచింది.

తెల్లారి ఆయన వచ్చి, సైకిల్ గోడకు ఆనించి, బూట్లు విప్పి గుంటలోకి దిగాడు. ఎవరూ చెప్పలేదు. నన్ను తిట్టనూ లేదు.

"ఎన్నాళ్లే హైమా?" అనడిగాడు.

నాకు దుఃఖం ఆగలేదు. అయినా మళ్లీ ఆ మంచం దగ్గర కూర్చోవలసొస్తే మళ్లీ అదే మాట చెబుతాను.

గుగ్గిలం గింజ తెచ్చి ఆయన పాదాల పక్కనే నాటాను. అది ఆయనంత ఎత్తయ్యాక ఆయన డ్యూటీ దిగొచ్చని అత్త అంటోంది. రోజూ ఇద్దరికీ నీళ్లు పోస్తున్నాను. నిదానంగా పెరిగే జాతి అది. వానాకాలాలు పోతున్నాయి, మొక్క ఇంకా ఆయన మోకాలు దాటలేదు.