సంచిలో పోయిన దగ్గు

కొత్తవాడలో వెంకటరాజం కంటే ముందు అతని దగ్గు లేచేది. తలుపు సందులోంచి బయటికొచ్చి అరుగు మీద కూర్చునేది. ఏళ్ల తరబడి మగ్గం గుంటలో నూలు దుమ్ము తిని పెరిగిన దగ్గు మరి. దాని అలికిడికే వాడంతా లేచి పొయ్యిలు ముట్టించుకునేది. లచ్చవ్వ మొగుడికి చాయ్ ఇచ్చి, దగ్గు ముందు ఇన్ని వేడినీళ్లు పెట్టి "తాగి చావు" అని విసుక్కునేది. దాంతో వేగి వేగి ఆమె అలిసిపోయింది.

బీమా కార్డులమ్మే కిషన్ రావు కొడుకులూ కోడళ్లూ పనులకు పోయిన వేళ చూసుకునే వాడలోకి వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, తోలు సంచి, తీయటి మాట.

"ముసలోళ్ల కోసమే తెచ్చిన బీమా తాతా. కార్డు చూపెడితే ఏ దవాఖానలనన్న పైస అడగరు."

"ఈయనకు దగ్గున్నది గద సారూ" అంది లచ్చవ్వ, అరుగు వైపు చూస్తూ.

"రోగమున్నోళ్లకు ఇయ్యరవ్వా. దాన్ని నాతోని పంపియ్యి, కార్డు పక్కా అయినంక తెచ్చిస్త. కొడుకులకు చెప్పకుర్రి, వాళ్లకు సమజ్ గాదు."

లచ్చవ్వ దగ్గర పైసలు లేవు. పెండ్లినాటి కాళ్ల కడియాలు సబ్బు రాసి ఊడదీసి ఇచ్చింది. కిషన్ రావు సంచిలో ఒక పక్క కడియాలు, ఇంకో పక్క దగ్గు పెట్టుకుని, ఎర్ర ముద్ర కార్డొకటి చేతిలో పెట్టి పోయాడు. మళ్లీ ఆ వాడ ముఖం చూడలేదు.

ఇల్లు సద్దుమణిగింది గానీ మనిషి కరిగిపోసాగాడు. పొద్దుగూకితే జ్వరం. పోగు అతికే ఓపిక కూడా లేదు. ప్రైవేటు దవాఖానలో గుమాస్తా కార్డును అటూ ఇటూ తిప్పి "ఇసొంటి కంపెనీయే లేదవ్వా" అన్నాడు. లచ్చవ్వకు ఏడుపైనా రాలేదు. మొగుణ్ని సర్కారు దవాఖానకు తీసుకెళ్లి లైన్లో నిలబడింది.

అక్కడి డాక్టరు మంచివాడే. వార్డులో మంచమిచ్చి, ఛాతీ మీద గొట్టం పెట్టి ఎంతసేపో విన్నాడు. ఏమీ వినపడలేదు.

"దగ్గేదమ్మా? అది లేకుంటే రోగమేందో నేనెట్ల చెప్పాలె?"

"ఇచ్చేసిన సారూ."

"జల్ది తెచ్చుకోర్రి. మనిషి ఆగేటట్టు లేడు."

ఎక్కడని వెతుకుతుంది? మంచం పక్కన కూలబడింది. తన చేతులతోనే మొగుణ్ని మోసగాడికి అప్పజెప్పినట్టయింది.

ఆ రోజుల్లోనే పరకాలలో కిషన్ రావు చుట్టూ ముసలివాళ్లు చేరారు. వాళ్లలో వెంకటరాజం చెల్లెలు పోశవ్వ ఉంది. కార్డు కోసం మెడలోని వెండి కంటె తీయబోతుంటే అతని సంచిలోంచి పొడి దగ్గు, దాని వెనకే సన్నటి ఈల వినబడ్డాయి. పోశవ్వ చెయ్యి ఆగిపోయింది.

"గిది మా అన్న దగ్గు. నీ సంచిలకెట్ల వచ్చింది?"

"అది... మీ అన్నకు కార్డు..."

"తియ్యి సంచి!"

ముసలివాళ్లంతా లేచి నిలబడేసరికి కిషన్ రావు సంచి వదిలేసి పరుగందుకున్నాడు. కడియాలు ఎప్పుడో అమ్ముకున్నట్టున్నాడు, లేవు. దగ్గొక్కటే ఉంది, చిక్కి సగమై.

పోశవ్వ దాన్ని కొంగున కట్టుకుని బస్సెక్కింది. దగ్గు గాలాడక అవస్థ పడుతోందని కండక్టరు కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

కొత్తవాడలో అడిగి దవాఖానకు వచ్చి, వార్డులో ముడి విప్పగానే దగ్గు తన చోటు వెతుక్కుంది. డాక్టరు మళ్లీ గొట్టం పెట్టి విని తలూపాడు.

"టీబీ. ఇంకిన్ని రోజులైతే మనిషి దక్కకపోతుండె. గోలీలు మింగితే ఈ దగ్గు మెల్లమెల్లగ పోతది."

"ఇగ రాదా సారూ?"

"రాదు."

లచ్చవ్వ బోసి కాళ్లతో వెళ్లి వేడినీళ్లు తెచ్చింది. మొగుడికి పట్టి, మిగిలిన నీళ్లు దగ్గు ముందు పెట్టింది.

"తాగు" అంది. ఈసారి అంతే అంది.