లొరైన్ పైకొచ్చిన ఆట

లొరైన్‌ని టీవీ ముందు కూర్చోబెట్టాలా వద్దా అన్న వాదన మొదలై అప్పటికే పావుగంటయింది. ఆమె కోడి రెక్కల పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమెని మాత్రం ఎవరూ అడగలేదు.

"ఈ ఒక్కసారికి వదినని పైన ఉండనీరా. మన పని జరుగుతుంది" అన్నాడు మరిది డ్వేన్.

"నోర్ముయ్యి. చివరి ఆటైనా గెలవనీ" అన్నాడు ఆమె భర్త నార్బర్ట్.

"పదహారు ఆటల్లో పద్నాలుగు ఓడాక ఇదొక్కటి గెలిచి ఏం చేసుకుంటావు? ఇవాళ కూడా ఓడితే అట్టడుగున మనమే. అట్టడుగు జట్టుకే కదా, వచ్చే ఏడాది కొత్త ఆటగాళ్లలో నచ్చినవాణ్ణి అందరికన్నా ముందు ఏరుకునే హక్కు. ఆ టెక్సస్ కుర్రాడు మనకే వస్తాడు. వదిన ఓ పావుగంట కూర్చుందంటే ఓటమి మన ఒళ్లో పడ్డట్టే."

"అదీ నిజమే" అంది అత్తగారు స్టేషా, సోఫాలోంచి కదలకుండానే. "ఈ అమ్మాయి చూసిందంటే గెలిచే ఆట కూడా పోతుంది. మీ నాన్న ఎప్పుడో చెప్పాడు."

మామగారు బతికున్నప్పుడు, పంతొమ్మిదేళ్ల కిందట చెప్పిన మాట అది. ఆ రోజు ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టోకర్స్ గెలుపు అంచున ఉంది. లొరైన్ కరిగించిన చీజ్ గిన్నె పట్టుకుని గదిలో అడుగు పెట్టిన క్షణానే బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పడింది. "నువ్వు కింద బట్టలుతుక్కుంటూ ఉండుంటే గెలిచేవాళ్లం పిల్లా" అన్నాడాయన నవ్వుతూ. నవ్వుతూ అన్నదే మరుసటి వారానికి ఆచారమైంది, ఏడాది తిరిగేసరికి శాసనమైంది. ఆటలో చివరి పావువంతు మొదలవుతుందనగానే ఎవరో ఒకరు "లొరైన్, ఇక కిందికి" అనేవారు. ఆమె నేలమాళిగలోకి దిగి, వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి తువ్వాళ్లు మడతపెట్టేది.

వారమంతా బడి వంటశాలలో నాలుగువందల మంది పిల్లలకి వండేది. ఆదివారం పొద్దున్నే లేచి అత్తగారికి పియరోగీలనే బంగాళాదుంప కజ్జికాయలు, మగవాళ్లకి కోడి రెక్కలు, అందరికీ చిల్లీ అనే కారపు మాంసం కూర వండి, వడ్డించి, ఎంగిలి పళ్లేలు ఎత్తి, ఆపైన అపశకునంలా తప్పుకునేది. ఓడిన మర్నాడు బడిలో ఊడ్చే హెరాల్డ్ కూడా "నిన్న పైకొచ్చావా ఏంటి?" అని నవ్వేవాడు. తనూ నవ్వేది. నవ్వకపోతే ఇంత చిన్నదానికి మూతి ముడిచిందంటారు. వాళ్లు అనడం కన్నా, తను కూడా సగం నమ్మడం ఆమెని తినేసేది. పైన గొంతులన్నీ ఒక్కసారి ఉసూరుమన్నప్పుడు చేతిలో తువ్వాలు ఆగిపోయేది. ఏం చేశాను? మెట్ల వైపు చూశానా? స్కోరెంతో అని మనసులో అనుకున్నానా? ఈ ఏడు పద్నాలుగు ఆదివారాలు అలా వెతుక్కుంది. సోమవారం పొద్దున బస్సులో ఊరంతా మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే, ఆ పాపంలో కొంత తన చేతులకి అంటుకున్నట్టే ఉండేది.

పళ్లెం బరువుకి మణికట్లు లాగుతున్నాయి. లొరైన్ దాన్ని బల్లమీద పెట్టి, వెళ్లి మామగారి వాలుకుర్చీలో కూర్చుంది.

"ఇదిగో, కూర్చున్నాను" అంది.

డ్వేన్ చప్పట్లు కొట్టాడు. నార్బర్ట్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. సోఫా చివరున్న కూతురు క్రిస్టా తల్లి కోసం కాస్త పక్కకి జరిగింది.

పావుగంట అనుకున్నది ముప్పావుగంట సాగింది. మైదానంలో సరస్సు మీంచి వచ్చే గాలికి మంచు అడ్డంగా కురుస్తోంది. మూడు సెకన్లు మిగిలాయి, స్టోకర్స్ రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే మూడు పాయింట్లు. తన్నేవాడు ఒక్కడే నిలబడి, చేతులు నోటికి దగ్గరగా పెట్టుకుని ఊదుకుంటున్నాడు. కాలితో మంచు తోసుకున్నాడు, అడుగులు లెక్కపెట్టుకున్నాడు. లొరైన్ రెప్ప వేయకుండా చూసింది. బంతి లేచింది. గాలి దాన్ని కుడికి నెట్టింది, మళ్లీ వదిలేసింది. బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లిపోయింది.

ఆ రెండు క్షణాల్లో ఆమెకి ఒక సంగతి తెలిసిపోయింది. ఆ బంతికి తనెవరో తెలియదు. పద్నాలుగుసార్లూ తెలియలేదు, పంతొమ్మిదేళ్లూ తెలియలేదు. పొద్దుటినుంచీ బిగించుకున్న చెప్పుల పట్టీ వదులు చేసినట్టు, ఒంట్లో ఎక్కడో పట్టు సడలింది.

"గెలవక గెలవక చివరికి ఇప్పుడా గెలిచేది" అన్నాడు డ్వేన్, తల పట్టుకుని. "టెక్సస్ వాడు పోయాడు. నీవల్లే వదినా."

"నావల్లేనా?" అంది లొరైన్.

"మరి ఎవరివల్ల?"

నార్బర్ట్ లేచి నిలబడ్డాడు. కళ్లు మెరుస్తున్నాయి. "నీకు తెలీదురా. ఈమెని ఇన్నాళ్లూ కింద దాచి తప్పు చేశాం. లొరీ, వచ్చే సీజనంతా ఇదే కుర్చీ, ఇదే స్వెటరు. ఒక్క ఆట తప్పకూడదు."

"ఆ స్వెటరు ఉతక్కు" అంది అత్తగారు.

"మరి వంటో?" అన్నాడు డ్వేన్.

"ఆట మొదలయ్యేలోపు చేసేస్తుందిలే" అన్నాడు నార్బర్ట్.

లొరైన్‌కి నవ్వొచ్చింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఈ గదిలో ఇంత హాయిగా నవ్వడం ఇదే మొదలని నవ్వుతుంటేనే తెలిసింది.

"సెప్టెంబరులో కొత్త సీజన్ మొదలయ్యాక ఆదివారాలు నేనుండను" అంది, చేత్తో కళ్లు తుడుచుకుంటూ.

"కిందే ఉంటానంటావా?" అన్నాడు నార్బర్ట్.

"కింద కాదు, పైనా కాదు. ఇంట్లోనే ఉండను."

"మేం తినేదెలా?" అంది అత్తగారు.

"సెప్టెంబరుకి ఇంకా ఎనిమిది నెలలుంది అత్తయ్యా. నలుగురున్నారు, ఎవరో ఒకరు నేర్చుకుంటారు."

టీవీలో జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. క్రిస్టా రిమోట్ అందుకుని దాని గొంతు తగ్గించింది. "ఎక్కడికెళ్తావమ్మా?" అని అడిగింది.

"ఇంకా అనుకోలేదు" అంది లొరైన్. "పదిహేడు ఆదివారాలు కదా. మెల్లిగా అనుకుంటాను."