జంపక్కకు పదికి నాలుగు

రెండో తరగతి మధ్యలోనే బడి వదిలి మేకల వెంట వెళ్లిపోయిన జంపక్కకు, అరవై ఏళ్లు దాటాక లెక్కల్లో మార్కులు వచ్చాయి. పదికి నాలుగు.

తప్పెవరిదయ్యా అంటే ఆమె నోటిదే. మనవరాలు సుజాత ఏడో తరగతి. లెక్కల సారు చందూలాల్‌ది వేరే పద్ధతి. హోంవర్కులో ఇంటూ కొట్టడు. తప్పిన చోట గుండ్రంగా గీత చుట్టి, అక్కడినుంచి మళ్లీ చేయమంటాడు. తన తప్పు తానే పట్టుకున్న పిల్లలకు మార్కు కోయడు. కానీ ఇంట్లో ఎవరైనా చేసిపెడితే మాత్రం, ఆ మార్కులు వాళ్ల పేరు మీదే వేస్తాడు.

ఆ వారం ఇచ్చిన లెక్క బీడీలు చుట్టే తునికాకుది. కట్టకు యాభై ఆకులు, మొత్తం నూట ఇరవై కట్టలు. అందులో ఎనిమిదో వంతు పురుగు తింటే మంచివి ఎన్ని? సుజాత పెన్ను నములుతూ కూర్చుంది. పొయ్యి దగ్గరున్న జంపక్క ఆగలేకపోయింది. ఆగడమనేది ఆమెకు పుట్టుకతోనే రాలేదు. ఎదుటివాడు తుమ్మకముందే నూరేళ్లాయుష్షు అనే రకం.

"యాభై కాదే, యాభై రెండు పెట్టు! కొసరు రెండాకులు వెయ్యకపోతే ఆకు కొనే కల్లం కాడ లెక్క చూసేటోడు కట్టను అవతల పారేస్తడు."

నలభై ఎండాకాలాలు కట్టలు కట్టిన మనిషి. నూరు కట్టలకు అయిదు వేల రెండు వందలు, ఇరవైకి వెయ్యిన్నీ నలభై అంటూ గరిటె తిప్పుతూనే మొత్తం చెప్పేసింది. సుజాత రాసుకుంది.

మర్నాడు నోటుబుక్కులో ఇలా ఉంది: "జంపక్క 4/10. సుజాత ఇంకా చేయలేదు." ఈ లెక్కకు ఏడు మార్కులొస్తేనే సుజాత పాల్వంచలో జరిగే లెక్కల పోటీకి వెళ్తుంది. పేర్లు ఆ సాయంత్రమే పంపాలి. సంగతి తెలిసిన జంపక్క కొంగు బిగించి బడికి పోయింది.

"ఏంది సార్ గిది? ఆకు కోసేది మేము, మార్కులు కోసేది మీరా?"

"దారి మంచిగుందనే నాలుగన్న ఇచ్చిన పెద్దమ్మా. యాభై రెండు ఎక్కడిదంటే పోరి 'మా నాయనమ్మకు ఎరుక' అన్నది."

"మరి కొసరు లేకుంట కట్ట ఎట్లయితది?"

"కొసరు కల్లంల ఉంటది. నేనిచ్చిన లెక్కల లేదు. మీరు లెక్క వినలే."

తనకు చదువు రాదు కదా అందామనుకుంది జంపక్క. కానీ పిల్ల రెండుసార్లు చదివి వినిపించబోతే, రెండుసార్లూ మధ్యలో అడ్డుపడింది తనే. ఆ మాట మింగేసింది.

"తప్పు నాది. పోరిని మళ్లా చెయ్యనీయుండ్రి సార్."

"చేస్తది. మీరు మాట్లాడొద్దు, గంతే."

"గంతేనా?" అంది జంపక్క, అదేదో చిన్న పనైనట్టు.

సుజాత బోర్డు మీద యాభై అని రాసింది. జంపక్క నాలుక చివరకు మరో రెండు ఆకులు వచ్చి నిలబడ్డాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరు వేలు వచ్చింది. అందులో ఎనిమిదో వంతు డెబ్బై అయిదు అని రాసింది పిల్ల. అన్ని ఆకుల్లో పురుగు తిన్నవి రెండు కట్టలైనా లేవా? ఈసారి తనదే రైటు! అయినా అనకూడదు. కాళ్లు నేలకు రాసింది, దగ్గు రాకుండా గొంతు పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాట్లేసినప్పుడు నడుముకు కూడా అంత నొప్పి పుట్టలేదు.

చందూలాల్ కిటికీలోంచి వానను చూస్తున్నాడు. ఆయనకు తొందరేం లేదు.

"ఎనిమిది డెబ్బై అయిదులు ఆరు వందలే గద..." అని సుజాత తనలో తను గొణుక్కుంది. చెరిపింది. ఏడు వందల యాభై. మిగిలినవి అయిదు వేల రెండు వందల యాభై.

"ఆకులు అని రాయలే, ఒకటి కోసిన. తొమ్మిది," అన్నాడు సారు. జాబితాలో పేరు రాసి, "పాల్వంచకు నీ తోడు ఎవరొస్తరు?" అని అడిగాడు.

జంపక్క అప్పటికే నోట్లోంచి కొంగు తీసేసింది.

"నాయనొస్తడు సార్," అంది సుజాత జల్దీగా. జంపక్క కొడుకు పగిడయ్య రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు.

జంపక్కకు రోషం రావాలి. రాలేదు. నవ్వొచ్చింది. పిల్ల ఈ లెక్క కూడా సరిగ్గానే చేసింది.