భుజం మీద చెయ్యి

కుంఠా నాకాలో రాజారాం మరమగ్గాల కార్ఖానా మీద అక్కడి దాదా కన్ను పడింది. జాగా ఖాళీ చెయ్యనన్నందుకు, ఒక మధ్యాహ్నం సాంచాలనే ఆ మగ్గాల మధ్య పనిలో ఉన్నవాణ్ని వెనక నుంచి ఇనప రాడ్డుతో కొట్టించాడు. మగ్గాల మోతలో అడుగుల చప్పుడు కూడా వినపడలేదు. తలకు కుట్లు పడ్డాయి. గాయం మానింది గాని భయం మానలేదు.

తిరగని ఆఫీసు లేకుండా తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. రివాల్వరూ కొన్నాడు. రిటైరైన హవల్దార్ పోచయ్య అది చూసి మండిపడ్డాడు.

"నేర్చుకున్నంకనే నడుముకు పెట్టాలె. గోలీలు నింపి తిరుగుతున్నవ్, దిమాక్ ఉన్నదా? రేపు మైదాన్‌కు రా, నేర్పిస్త."

"దసరా అయినంక వస్త కాకా. ఇప్పుడు ఆర్డర్ల గడ్‌బడ్ ఉన్నది."

"గట్లయితే దసరా దాక పెట్టెల పెట్టు."

"వాడు మీదికొచ్చినప్పుడు తాళంచెవి దేవులాడుకోవాల్నా?"

వేలు ఎక్కడ ఆనించాలో తెలియని మనిషి, దాన్ని నడుముకు దోపుకుని తిరిగాడు. ధైర్యం వచ్చిందనుకున్నాడు పాపం. వచ్చింది ఒట్టి తొందర.

సాంచాలు నడుస్తుంటే నోరు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకే అక్కడ ఎవరిని పిలవాలన్నా వెనక నుంచి వచ్చి భుజం తడతారు. చిన్నప్పటి నుంచి రాజారాం కూడా అలాగే పిలిచాడు.

దసరా వారం ఉందనగా, దాదా మనిషి ఒకడు గేటు దగ్గర కనిపించి మాయమయ్యాడు. రాజారాం రివాల్వర్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే తమ్ముడు సిద్ధరాములు భాకరి డబ్బా తెచ్చి, తినడానికి రమ్మని అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

రాజారాం తిరుగుతూనే పేల్చాడు. రెండుసార్లు.

ఒక గోలీ పొట్టలో, ఇంకొకటి మెడలో దిగింది. "అన్నా" అన్నట్టు పెదాలు కదిలాయి. నెత్తురు చిమ్మి, నేస్తున్న చద్దరు మీద పడింది. సాంచా దాన్ని కూడా చుట్టుకుంటూ నడిచింది.

"బంద్ చెయ్యుండ్రి! నా తమ్మునికి గోలీ తగిలింది!"

ఎవరూ తిరిగి చూడలేదు. పేలిన చప్పుడు విన్నా, ఏదో సాంచాలో నూలు మోసే నాడె ఎగిరి తగిలిందనుకున్నారేమో. రాజారాం రెండు చేతులా తమ్ముడి మెడ నొక్కిపట్టాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారిపోతూనే ఉంది. పట్టుకుని కూర్చుంటే ఎవరికీ తెలియదు, వదిలితే తమ్ముడు దక్కడు. ఏడుస్తూ వదిలేసి లేచాడు.

పరిగెత్తి, మొదటి సాంచా దగ్గరున్న ఎల్లయ్య భుజం మీద ఆ ఎర్రటి చెయ్యి వేశాడు.

ఎల్లయ్య ఏ జంకూ లేకుండా, నవ్వుతూ వెనక్కి తిరిగాడు.