సరుకు చేరింది, మనిషి చేరలేదు

ఉస్మాన్‌గంజ్‌లో బాబురావు లారీల అడ్డా ముందు ఆ ఉదయం పసుపు బస్తాలు దిగుతున్నాయి. వాటి పక్కనే ఒక స్టెప్నీ, ఒక బ్యాటరీ, మడత పెట్టిన టార్పాలిన్, తాళ్లచుట్ట ఉన్నాయి. ముందురాత్రి సాంగ్లీ నుంచి వస్తూ దారిలో నుగ్గయిన లారీ నుంచి విప్పి తెచ్చిన సామాను అది. ఆ లారీ నడిపిన గుండయ్య మాత్రం రాలేదు.

కార్వాన్ బస్తీ కుర్రవాడు మాజ్‌కు అప్పుడే హెవీ లైసెన్సు చేతికందింది. ఈ కంపెనీలో చేరవచ్చునా లేదా తేల్చుకొనేందుకు మేనమామ అబ్దుల్ వాహెద్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ మామ జీవితమంతా లారీ నడిపి నడుము పోగొట్టుకున్నవాడు.

"మామూ, చూడు! ఏసీ క్యాబిన్. మస్తుంది!"

"బండ్లేం చూస్తవ్‌రా? రంగేస్తే అన్నీ పెండ్లికొడుకులే. బండి పడితే సేటు మొదలు సరుకునడుగుతడా, మనిషినడుగుతడా? అది చూడు."

చూచుటకు ఎంతోసేపు పట్టలేదు. ధూల్‌పేట నుంచి పరుగున వచ్చిన గుండయ్య భార్య సక్కుబాయి, అడ్డా లెక్కలు రాసే మున్షీ ఎదుట నిలబడింది.

"నా పెనిమిటేడి?"

"చెప్పిన గదమ్మా, సర్కారు దవాఖాన్ల ఉన్నడని."

"ఉన్నడంటవేంది? సచ్చిపోయిండని పోలీసాయన ఫోన్ చేసిండు! నీ బండి ఆడికి పోయింది. బస్తాలు ఏరుకొచ్చింది. నా మనిషినెందుకు తేలే?"

మున్షీ తల దించుకోలేదు. "శవాన్నెక్కిస్తే సరుకుకు మైల తగులుతదమ్మా. పసుపు, దేవుని పనికి పోయేది."

లోపల బాబురావు దేవుని పటాలకు హారతి పడుతున్నాడు. మృతుడు ఏ చేతులతో ఆ పసుపును అంత దూరం తెచ్చాడో ఆ చేతులు దిక్కులేక దవాఖానా గచ్చుపై పడి ఉండగా, ఈ చేతులు గంట మ్రోగిస్తున్నాయి. శౌచమనే పవిత్రమైన భావం ఇట్టివారి నోట పడింది. కర్పూర ధూమం సైతం మాజ్‌కు కుళ్లువాసన వేసింది.

హారతి కళ్లకద్దుకుంటూ బాబురావు బయటికి వచ్చాడు. మాజ్‌ను ఎగాదిగా చూశాడు.

"కొత్త డ్రైవరువా? మంచి టైముకొచ్చినవ్. మాకో సీటు ఖాళీ అయింది. ఇయ్యాల్నే ఎక్కు."

భుజాన బస్తాతో పోతున్న హమాలీ మేస్త్రీ రామ్‌చందర్ ఆ మాట విని ఆగిపోయాడు. బస్తాను దబ్బున నేలకు జారవిడిచాడు.

"ఈ పసుపు నేను మొయ్య."

"కూలి పోతది మేస్త్రీ!" అన్నాడు వెనుక నున్న హమాలీ. "ఇంట్ల పొయ్యి మీద ఏం పెడతం?"

"రేపు ఈ బస్తా కింద నేను పడ్డననుకో. మొదలు బస్తాను లేపుతరు. నన్ను లేపుతరా? నువ్వే చెప్పు."

ఆ హమాలీ తన బస్తాను కూడా దించాడు. మిగిలినవారూ దించారు.

"మీరు గాకపోతే పుల్ కాడ కూలికి నిలబడ్డోళ్లు మస్తుమంది దొరుకుతరు!" అని మున్షీ అరిచాడు.

"తీస్కరా! వాళ్లకు గీ సంగతి మేమే చెప్తం," అన్నాడు రామ్‌చందర్.

అబ్దుల్ వాహెద్ మేనల్లుని భుజం తట్టాడు. "చూసుడైంది గద. పా, పోదాం."

మాజ్ కదలలేదు. లైసెన్సు కోసం అమ్మ జహీరా మెడలోని గొలుసు పోయింది. ఇక్కడ లొల్లి చేసినవానికి గంజ్‌లో మరెవ్వరూ బండి ఇవ్వరు. ఇదంతా అతనికి తెలుసు.

"ఏడికి పోతం మామూ? పక్క గల్లీ సేటు ఏమన్న వేరా?"

అతడు బాబురావు దగ్గరికి నడిచాడు. "ఎక్కుమన్నరు గద సేట్. చాబీ ఇయ్యుండ్రి."

కొత్తవాని వినయానికి మురిసి బాబురావు ఖాళీ లారీ తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. మాజ్ లారీ ఎక్కి ఇంజను స్టార్టు చేసి, రెండవ తలుపు తెరిచాడు.

"వదినా, ఎక్కు. అన్నను తీస్కొద్దాం."

సక్కుబాయి ఎక్కింది. హమాలీలు కొందరు వెనుకకు ఎగబాకారు.

"దొంగ! నా బండి!" బాబురావు కేకలు గల్లీ దాటాయి.

"చాబీ నీ చేతుల్తోనే ఇస్తివి గద సేటూ!" ఎవరో అన్నారు. ఆ దుఃఖంలోనూ జనం ఘొల్లున నవ్వారు.

సేటు ఫోనుకు, లారీ అడ్డా గేటు దాటకముందే, పోలీసు జీపు ఎంత త్వరగా వచ్చిందో! శవాన్ని తేవడానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది. ఎస్సై మాజ్‌ను కాలరు పట్టి దించి జీపులో తోశాడు. వెనుదిరిగి చూసేసరికి అబ్దుల్ వాహెద్ విరిగిన నడుముతో మూలుగుతూ స్టీరింగు ముందుకు చేరుతున్నాడు.

"ముసలాయనా, దిగు!"

"దించుకోండ్రి సాబ్. ఎక్కనీకే ఇంత కష్టమైంది, నాతోని దిగుడు గాదు."

ఇద్దరు కానిస్టేబుళ్లు అతనిని మోసుకొచ్చి జీపులో వేశారు. అంతలో ఆ కంపెనీ డ్రైవరే ఒకడు, ఇంతసేపూ గోడకానుకొని చూస్తూ నిలబడినవాడు, వచ్చి ఆ సీట్లో కూర్చున్నాడు. ఎస్సై అటు ఉరకబోయాడు. హమాలీలు జీపుకూ లారీకీ నడుమ భుజం భుజం కలిపి నిలబడ్డారు. బరువులు మోసి రాయిగా మారిన ఆ భుజాలు లాఠీ దెబ్బలకు చిట్లాయి; పక్కకు జరగలేదు.

లారీ గేటు దాటింది.

జీపు కటకటాల నుంచి మాజ్ వీధిని చూశాడు. పక్క అడ్డాల వారు ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. ఆ కబురు చేరినచోటల్లా, వరుసగా, హమాలీల భుజాల మీది బస్తాలు నేలకు దిగుతున్నాయి.